గోడకు అవతలి ఇరవై అడుగులు

మా ముత్తాత గోపాలరావుగారు పన్నెండు ఊళ్ళకు దేశ్‌ముఖ్. గుర్రం దిగకుండానే పంచాయితీలు తీర్చేవారని చెబుతారు. మా తాత నరసింగరావుగారి నాటికి ఊళ్ళు మూడయ్యాయి, గుర్రం పోయి ఎడ్లబండి వచ్చింది. మా నాన్నకు ఊళ్ళేమీ మిగల్లేదు గానీ తాండూరులో మా వీధిలో ఎవరింట్లో తగువు వచ్చినా ఆయన్ని పిలిచేవారు. (పిలిచి, కుర్చీ వేసి, ఆయన చెప్పిందంతా విని, తమకు తోచినట్టే చేసుకునేవారు.) ఇక నేను. ఎనభైల మధ్యలో, నాన్న పోయిన మరుసటేడు, వికారాబాదులో ఒక కాలేజీ ఆఫీసులో తాత్కాలిక టైపిస్టుగా చేరాను. మా అమ్మ మాత్రం వీధిలో అందరితో "మావోడు కాలేజోళ్ళకు సలహాలు చెప్పనీకి పోతడు" అనేది. నేను ఆ మాట దిద్దలేదు. మా ఇంట్లో అబద్ధాలు దిద్దే అలవాటు లేదు. వాటిని దుమ్ము దులిపి గోడకు తగిలిస్తాం.

ఆ రోజుల్లో నా వీపు ఎంత నిటారుగా ఉండేదో తలుచుకుంటే ఇప్పుడు నాకే నడుము నొప్పి వస్తుంది. పొద్దున ప్యాసింజరు బండిలో తాండూరు నుంచి వికారాబాదు దాకా నిలబడే వెళ్ళేవాణ్ణి. సీటు దొరక్క కాదు. కూర్చుంటే ధారూరులో ఎక్కేవాళ్ళు "అన్నా, జర అటు జరుగు" అంటారు. మా వంశంలో ఒకరు చెబితే జరిగినవాళ్ళు లేరు. అందుకని అసలు కూర్చోకపోవడమే పరువని తేల్చుకున్నాను. కాళ్ళు వాచిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

మా ఇంటి గురించి కూడా చెప్పాలి. ముందున్నది అరవై అడుగుల హాలు. పొడవు అరవై, వెడల్పు ముప్ఫై రెండు. తాతగారు వచ్చినవాళ్ళకు మంచినీళ్ళకంటే ముందు ఆ కొలత చెప్పేవారట. నేలంతా రెండడుగుల చదరపు తాండూరు బండలు, మూడు తరాల పాదాలు రాసుకుని నున్నబడి, నీళ్ళు చల్లితే నీలంగా మెరిసేవి. నేను ఐదో తరగతిలో ఉండగా నాన్న ఒక చివర ఇరవై అడుగులు విడిచి అడ్డంగా గోడ కట్టించి, అవతలి ముక్కను పప్పుమిల్లు సేటుకు అమ్మేశాడు. ఆ గోడకు తాతగారి పటం తగిలించారు. ఆ తర్వాత ఆ గోడ గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అవతల కందుల బస్తా ధబ్బున దించితే ఇవతల పటం అదిరేది. అమ్మ గరిటె ఆపకుండా వడ్డిస్తూనే ఉండేది. బయటివాళ్ళకు అది ఎప్పటికీ అరవై అడుగుల హాలే.

కాలేజీలో లెక్కల సారు ఒకాయన ఉండేవాడు. గుంటూరు వైపు మనిషి, సన్నగా, జేబు నిండా సుద్దపొడితో తిరిగేవాడు. నన్ను "రావుగారూ" అన్నది ఆ కాలేజీ మొత్తమ్మీద ఆయనొక్కడే. (తక్కినవాళ్ళు "టైపూ!" అని పిలిచేవారు.) ఆ 'గారు' కోసమే సాయంత్రాలు ఆయన గదికి వెళ్ళేవాణ్ణి. అక్కడ ఆయన హైదరాబాదులోని తన బావగారి దగ్గర అడిగి తెచ్చుకున్న చిన్న కంప్యూటర్ ఉండేది. చూడటానికి నోటు పుస్తకమంత. దాన్ని టీవీకి తగిలిస్తే అక్షరాలు కనబడేవి. ప్రోగ్రాం క్యాసెట్లో ఉండేది. టేపు రికార్డరులో పెట్టి తిప్పితే కీచుమని ఒకటే అరుపు. ఇంటి ఓనరమ్మ ఆయన పిల్లిని పెంచుతున్నాడని అనుమానపడేది. ఎండాకాలం సెలవులు మొదలయ్యే రోజున ఆ యంత్రాన్ని బావగారికి తిరిగి ఇచ్చెయ్యాలి.

సారు దాంతో ఒక ప్రోగ్రాం రాశాడు. గది పొడవు, వెడల్పు, బండ సైజు చెబితే, ఎన్ని బండలు పడతాయో, వరుసకు ఎన్నో, ఎక్కడ కోయాలో చెబుతుంది. ఇల్లు కట్టుకునే పేదవాళ్ళు బండలు ఎక్కువ తెచ్చి పారేసుకుంటున్నారని ఆయన బాధ. "ఇది నా సొత్తు కాదండీ, ఎవరి సొత్తూ కాదు. లోపల ఏం రాశానో వరుస వరుసా కాగితం మీద ఇచ్చేస్తాను. ఎవరైనా కాపీ తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. తప్పు దొరికితే నాకో కార్డు రాస్తే చాలు" అనేవాడు. తన సొత్తు కాదని ఒక మనిషి అంత సంతోషంగా చెప్పడం నేనెన్నడూ వినలేదు. మా ఇంట్లో ఆ మాట అనాల్సి వచ్చిన ప్రతిసారీ అమ్మ పగటిపూటే దుప్పటి కప్పుకుని పడుకునేది.

హైదరాబాదులో ఇలాంటి పిచ్చివాళ్ళ సంఘం ఒకటి ఉందట. క్యాసెట్టు పంపితే అడిగినవాళ్ళందరికీ ఊరికే కాపీలు తీసి ఇస్తారు. అయితే పంపేముందు, రాసినవాడు కాక వేరేవాళ్ళు వాడి చూడాలి. "రాసినవాడి కంటికి తన తప్పు కనబడదండీ" అన్నాడు సారు. మొదట ఇద్దరు విద్యార్థులు వచ్చారు. ఏం చూపించినా "మస్తుంది సార్" అనడంతో సారు వాళ్ళకు దండం పెట్టి పంపేశాడు. చివరికి మిగిలింది ఇద్దరం. ఒకడు నేను. రెండోవాడు తాండూరులో బండల పాలిష్ యూనిట్‌లో లెక్కలు రాసే మున్షీ. అందరూ చాచా అంటారు. శుక్రవారం యూనిట్‌కు సెలవు. నమాజు కాగానే మధ్యాహ్నం బండికి వచ్చి, టోపీ మడిచి జేబులో పెట్టుకుని, కంప్యూటర్ ముందు బాసింపట్టు వేసేవాడు.

చాచా పరీక్ష చూసి తీరాలి. "సారూ, రూము పొడుగు సున్న అని కొట్టిన. సున్న బండలన్నది. సాఫ్! గని వెడల్పు కొట్టకుండ ఊకున్న. అది గూడ ఊకున్నది. ఇద్దరం గట్లనే ఒకల మొకం ఒకలం చూసుకుంట కూసున్నం."

"అలాంటి గది ఎవరు కట్టుకుంటారు చాచా?" అన్నాను విసుగ్గా.

"కట్టుకోరు దొరా. కొట్టుకుంటరు. మనిషి చెయ్యి గదా!"

తప్పు చెప్పినప్పుడల్లా సారు ముఖం వెలిగిపోయేది. "భలే పట్టారండీ!" అంటూ నోటు పుస్తకంలో రాసుకునేవాడు. నాకు ఆశ్చర్యంగా ఉండేది. మా ముత్తాతకు తప్పు చెప్పినవాడు మరునాడు ఊరు విడిచి పోయాడని ప్రతీతి.

ఒకరోజు సారు నాకు పని అప్పగించాడు. "పెద్ద గదితో ఎవరూ చూడలేదండీ. మీ అరవై అడుగుల హాలు ఉంది కదా! కొలతలు రాయండి, నేల మీద వేసిన బండలు లెక్కపెట్టండి. ప్రోగ్రాం ఏమంటుందో, నేల ఏమంటుందో పోల్చి చూద్దాం." ఆ హాలు గురించి ఆయనకు చెప్పింది ఇంకెవరో కాదు, నేనే. మూడుసార్లు చెప్పాను.

ఆదివారం అమ్మ పక్కింటి నోముకు వెళ్ళగానే తలుపు గడియ పెట్టి, సుద్దముక్కతో లెక్క మొదలుపెట్టాను. (ఆ నేల మీద మోకాళ్ళు ఆనించిన మొదటి యజమానిని నేనే అయి ఉంటాను.) మూడు వందల ఇరవై. అరవై అడుగులకైతే నాలుగు వందల ఎనభై ఉండాలి. నాకు తెలియదని అబద్ధం చెప్పను. ఆ క్షణమే తెలిసింది. సారు ఇచ్చిన కాగితంలో 'పొడవు' అని ఒక గడి ఉంది. అందులో నలభై అని రాస్తే లెక్క సరిపోతుంది. కానీ మా ఇంట్లో పన్నెండేళ్ళుగా ఎవరూ నోటితో అనని మాటను నేను సిరాతో రాసినట్టవుతుంది. గోడ అవతల బస్తా పడింది. తాతగారు అదిరారు. అరవై అని రాశాను. కింద 'తేడా ఏమైనా ఉందా' అన్నచోట చక్కని దస్తూరీతో "ఉన్నది. నూట అరవై బండలు. తప్పు ప్రోగ్రాములో ఉన్నది" అని రాసి, సంతకం కూడా చేశాను.

సారు నన్ను అనుమానించలేదు. అదే నాకు పట్టిన శని. సెలవులకు ముందు మిగిలిన మూడు వారాలూ వంకర గదుల లెక్క రాయాలని ఆయన అనుకున్నాడు. ఇప్పుడు అదంతా పక్కన పెట్టి లేని తప్పును వెతకడం మొదలుపెట్టాడు. రోజూ సాయంత్రం వరుస వరుసా చదివేవాడు. గడ్డం పెరిగింది. టీ చల్లారి మీగడ కట్టేది.

"హాలు మధ్యలో స్తంభాలేమైనా ఉన్నాయాండీ?" అని అడిగాడు ఒకనాడు ఆశగా.

"ఉన్నాయి" అన్నాను.

"స్తంభాల కింద నూట అరవై బండలు పోవు కదండీ."

"పెద్ద స్తంభాలు" అన్నాను. (మా హాల్లో ఒక్క స్తంభం లేదు.)

చివరికి ఏ దారీ దొరక్క, యాభై అడుగులు దాటిన గదులకు మూడింట ఒక వంతు తగ్గించేలా ఏదో అతుకు వేశాడు. ఎందుకు తగ్గించాలో ఆయనకే అర్థం కాలేదు. "మీరు కళ్ళారా లెక్కపెట్టారు కదండీ, నేల అబద్ధం చెప్పదు" అన్నాడు. ఆ మాటకు నేను కిటికీలోంచి బయటికి చూశాను. అక్కడ చూడటానికి ఏమీ లేదు.

ఆ శుక్రవారం చాచా వచ్చి కాసేపు కొట్టి చూసి లేచి నిలబడ్డాడు. "ఏం చేసిండ్రు సారూ? మా షెడ్డు అరవై అడుగులే. పోయిన వారం సరిగ్గ చెప్పింది. ఇయ్యాల చూస్తే ఎవడో అచ్చి సగంకాడికి బండలు ఎత్కపోయినట్టు చెప్తున్నది. పోలీసు కేసు పెట్టమంటరా?"

సెలవులకు ఇంకా మూడు రోజులే ఉన్నాయి. సరైన ప్రోగ్రాం పంపాలంటే నా కాగితం అడ్డు. అతుకు వేసింది పంపాలంటే చాచా షెడ్డు అడ్డు. సారు నుదురు పట్టుకుని కూర్చున్నాడు. చాచా నా కాగితం తీసుకుని దూరంగా పెట్టి చదివాడు. మా వీధి మలుపులోనే ఉంటాడు ఆయన. మా గోడ కట్టిన మేస్త్రీని కూడా ఎరిగినవాడే. కానీ నా వైపు చూడకుండా సారుతో అన్నాడు: "మా దందల గిరాకీ చెప్పిన కొలత రాసుకోం సారూ. వింటం, తలకాయ ఊపుతం, టేపిచ్చి మనిషిని పంపుతం. ఇల్లుగలాయన నోట్ల రూము ఎప్పుడు పెద్దగనే ఉంటది."

"అంటే మా మాట మీద నమ్మకం లేదా?" అన్నాను, వీపు మరో అంగుళం నిటారు చేసి.

"నమ్మకం మస్తున్నది దొరా. టేపు గూడ ఉన్నది."

మర్నాడే ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. అమ్మ టీ ఇచ్చి "కూసోండ్రి సారూ. అరవై అడుగులు. మామగారు చెప్పెటోరు. ఇంక కొలిచేదేమున్నది?" అంది. చాచా గుమ్మం దగ్గర టేపు కొస పట్టుకున్నాడు. సారు టేపు విప్పుకుంటూ నడిచి వెళ్ళి తాతగారి పటం కింద ఆగాడు. నలభై. మళ్ళీ చూసుకున్నాడు. స్తంభాల కోసం కాబోలు చుట్టూ చూశాడు.

చాచా దగ్గాడు. "టేపు జర సాగినట్టున్నది సారూ. పాతది. నమ్మరాదు" అన్నాడు. ముప్ఫై ఏళ్ళ మున్షీగిరీలో ఆయన తన టేపును అనుమానించడం అదే మొదటిసారి అయి ఉంటుంది.

"కొత్తదేనండీ, నిన్న మీరే…" అని సారు ఏదో అనబోయాడు. అంతలో గోడ అవతల బస్తా పడింది. పటం మేకు మీద ఊగింది. సారు గబుక్కున చెయ్యి చాపి పట్టుకున్నాడు. పటాన్ని సరిచేసి, గోడను ఒక్క క్షణం అరచేత్తో తాకి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

"తప్పు దొరికిందా బాబూ?" అంది అమ్మ, కప్పులు తీస్తూ.

"దొరికిందండీ. ప్రోగ్రాం ఒక ప్రశ్న అడగాలి. నేను రాయడం మర్చిపోయాను. అదే తప్పు."

వాళ్ళు వెళ్ళాక అమ్మ పడమటి గదిలో దుప్పటి కప్పుకుని పడుకుంది. నేను లేపలేదు.

సారు అతుకు తీసేసి, ఆ ప్రశ్న చేర్చి, చివరి రోజున క్యాసెట్టు పంపేశాడు. వంకర గదుల లెక్క రాయకుండానే కంప్యూటర్ బావగారింటికి వెళ్ళిపోయింది. సెలవుల్లోనే ఆయనకు బదిలీ అయింది. నేను క్షమించమని ఒక కార్డు రాయాలనుకున్నాను. కార్డు కొన్నాను కూడా. సంఘం వాళ్ళు పంచిన కాగితాల్లో చివర 'పరీక్షించి తప్పులు పట్టినవారు' అని రెండు పేర్లు ఉన్నాయి. మొదటిది చాచాది, రెండోది నాది. నా పేరు పక్కన "గారు" అని ఉంది.

మూడేళ్ళ తర్వాత, అమ్మ పోయిన వేసవిలో, చాచా యూనిట్‌కు వెళ్ళాను. చాచా చూపు మందగించి ఇంటిపట్టునే ఉన్నాడు. ఆఫీసులో ఆయన బిడ్డ, సారు దగ్గర ఉండిన లాంటి చిన్న కంప్యూటర్ ముందు కూర్చుంది. పాత బండలు కొనే ముందు ఎన్ని ఉంటాయో లెక్క చూస్తుందట. పొడవు అడిగింది, వెడల్పు అడిగింది. చెప్పాను. తెర మీద ఇంకో వరుస వచ్చింది. ఆమె చదివి నవ్వింది.

"గిదొకటి అడుగుతది సార్, ఎందుకో తెల్వది. కొలత మీరే సొంతంగ తీసిండ్రా, లేకపోతే ఎవలన్న చెప్తె విన్నరా అని. అందరు తీసినమనే అంటరు. మా అబ్బా మాత్రం ఈ లైను తీసెయ్యొద్దంటడు. చెప్పుండ్రి సార్, మీరే తీసిండ్రా?"

ఆ పొద్దున మోకాళ్ళ మీద కూర్చుని నేల మీద టేపు పరిచి, గోడ దాకా వెళ్ళి, అక్కడ ఆగి చూసుకున్న అంకె నాకు గుర్తుంది. వచ్చే దారిలో ఆటోలో ఎవరో జరగమంటే జరిగాను కూడా.

"నేనే తీశానమ్మా. నలభై" అన్నాను.

ఆ వారంలో హాలు బండలు అమ్మేశాను. ఊడదీసి లెక్కపెడితే మూడు వందల ఇరవై.