తోక లేని గద్దకు తోక అతికించిన

ముందుగాల చేతుల ఉన్న చాయ్ మింగుండ్రి. నోట్లె ఉండంగ ఇంటిరనుకో, ముక్కులకెళ్ళి వస్తది. ఈ బొటనవేలికి పట్టీ ఏందని అందరు అడుగుతున్నరు గద? నిన్న నేను ఉద్ధరించిన పనికి బహుమానం ఇది!

నా డ్యూటీ మీకెరికే. హమద్ టౌన్‌ల మా కఫీల్ ఇంట్ల, గదే నాకు వీసా ఇచ్చిన అరబ్బు సేఠు ఇంట్ల, డేగలను సూసుకునుడు. రేపు నా ఫ్లైట్. మూడేండ్లకు సెలవు దొరికింది. నేనొచ్చినప్పుడు బిడ్డకు మూడేండ్లు, ఇప్పుడు ఒకటో తరగతి. నిన్న పొద్దుగాల పాస్‌పోర్ట్ మాత్రం ఇంక కఫీల్ సొరుగులనే ఉండె. నాకంటె ముందు ఈ పని చేసిన భాయ్ ఒక్క డేగ తోక ఈక ఇరగ్గొట్టిండని ఆయన సెలవే ఖలాస్ చేసిండు మా కఫీల్. గా సంగతి మనసుల పెట్టుకొని ఇనుండ్రి.

నిన్న శుక్రవారం పొద్దుగాల కఫీల్ ఒక పెద్ద డబ్బ తెచ్చిండు. "ఆఫ్రికా గద్ద. అర్రల ఇడువు. నమాజ్ అయినంక దోస్తులను తోలుకొస్త, సూపియ్యాలె" అన్నడు, పోయిండు.

డబ్బ మూత తీసిన. రాదు. తట్టిన. రాదు. వంగి లోపలికి సూసిన్నో లేదో, బుస్సుమని నా మీదికే వచ్చింది! నేను బయటికి దునికి డోర్ ధన్‌మని గుంజిన. జర తేరుకొని జాలీలకెళ్ళి సూస్తె... గద్ద ఉన్నది, తోక లేదు!

డోర్ల ఇరుకవడి తెగిందా ఏందని కిందికి సూసిన. గప్పుడే మా గోడ మీది పిల్లి గడప కాడికెళ్ళి నోట్లె ఏందో గోధుమరంగుది కరుసుకొని ఉరికింది. అయిపాయె! నా సెలవు పిల్లి నోట్లె పోతున్నదనుకున్న. సందు చివరిదాంక ఎంటవడ్డ, దొరకలే.

మా వంటమనిషి ఏసుపాదమన్నను పిలుసుకొచ్చిన. కోనసీమాయన, పెద్దమనిషి. జాలీలకెళ్ళి సూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నడు.

"ఒరే సాయిలూ, తోక సంగతి తర్వాత. మొహం చూశావా? కాళ్ళు చూశావా? అంతా నెత్తురేరా!"

నిజమే! మొహం, కాళ్ళు పండుమిరపకాయ తీరు ఎర్రగ ఉన్నయి. గంతలనే గద్ద ఎండ పడ్డకాడికి మెల్లగ నడిసి, రెండు రెక్కలు బార్లా చాపి, కదలకుండ నిలవడ్డది.

"ఏమైందన్నా దీనికి?"

"ఆఖరి ప్రార్థన చేసుకుంటోందిరా," అన్నడు అన్న, తను గూడ కండ్లు మూసుకున్నడు.

గప్పుడొచ్చింది నాకు దిక్కుమాలిన ఆలోచన. డేగలకు ఈక ఇరిగితె మా కఫీల్ ఏం చేస్తడు? రాలిన ఈకలు బిస్కెట్ డబ్బల దాచిపెట్టి, అండ్లకెళ్ళి ఒకటి తీసి అతికిస్తడు. మస్తు సార్లు సూసిన. ఒక్క ఈక అతికినప్పుడు తోక మొత్తం ఎందుకు అతకదు?

టవల్ మొహం మీద కప్పంగనే గద్ద చప్పుడు చెయ్యలే. అన్న గట్టిగ పట్టుకున్నడు. ముందు తడిబట్టతోని మొహం తుడిసిన. బట్టకు రక్తం అంటలే, ఎరుపు పోలే. ఎండిపోయిందనుకున్న! ఎనుక పొట్టి ఈకలు కొన్ని ఉన్నయి. తెగినంక మిగిలిన మోడులనుకొని, వాటికే ఆరు డేగ ఈకలు గోందు పెట్టి, దారం సుట్టిన.

"వంకరగా ఉందిరా," అన్నడు అన్న.

"దూరంకెళ్ళి సూస్తె కనవడదన్నా!"

బయట కారు హారన్. కఫీల్, ఎంబడి నలుగురు దోస్తులు. అన్న సల్లగ వంటింట్లకు జారుకున్నడు. నేను గోడకు ఒరిగి నిలవడ్డ. కఫీల్ డోర్ తీసిండు. గద్ద మాకు ఈపు తిప్పింది. ఒక ఈక ఊడి కింద పడ్డది. ఎనుకనే ఇంకొకటి.

కఫీల్ మెల్లగ నా దిక్కు తిరిగిండు. "సాయిలూ, ఈ తోక ఎక్కడిది?"

నేను కాళ్ళ మీద పడుడు ఒక్కటే తక్కువ. డోరు, పిల్లి, రక్తం, అన్ని చెప్పిన. "రేపెల్లుండి నా బిడ్డను సూడాలె బాబా, సెలవు ఆపకు" అని ఏడ్సిన, దాసుడెందుకు!

ముందు ఒక దోస్తు నవ్విండు. ఎనుకనే అందరు గోడలు పట్టుకొని నవ్వుడు. కఫీలే చెప్పిండు, ఈ గద్ద పేరు బాటలూర్ అట. తీగ మీద నడిసి ఆటలాడెటోడని ఫ్రెంచోళ్ళు పెట్టిన్రట. వాడు చేతుల కట్టె అటిటు వంచుకుంట నడుస్తడు సూడుండ్రి, గట్ల ఇది గాలిల రెక్కలు అటిటు వంచుకుంట పోతదట. ఈ జాతికే తోక ఉండీ లేనట్టట! పెద్దగైతె మొహం, కాళ్ళు ఎర్రగయితయట. రెక్కలు చాపి నిలవడుడు ఎండ కాగుడట. పిల్లి నోట్లెది ఏసుపాదమన్న వేయించిన కోడికాలట, వంటింట్లకెళ్ళి ఆయననే వచ్చి చెప్పిండు!

"యల్లా, నువ్వే పెట్టినవు, నువ్వే తియ్యి" అన్నడు కఫీల్. తీస్తుంటె ఒక్క గోరు దించింది. గదే ఈ పట్టీ.

కట్టు కట్టించి, సొరుగుల నుంచి పాస్‌పోర్ట్ తీసి నా చేతుల పెట్టిండు కఫీల్. నాకు మల్ల కండ్లళ్ళ నీళ్ళొచ్చినయి. పట్టలేని సంతోషంతోని ఇంటిదానికి ఫోన్ జేసి మొత్తం చెప్పిన. నవ్వీ నవ్వీ ఆఖరికి అన్నది గదా: "ఇగో, రాంగనే ఆగం గాకు. పోరికి ముంగటి పండ్లు రెండు ఊడినయి, అవే వస్తయి. గా గోందు డబ్బ ఆడనే ఇడిసిపెట్టి రా!"