నందిగామ నుంచి జగ్గయ్యపేటకు ఒక కేకు, ఒక క్యారియర్

డిసెంబరు 25, గురువారం. నాలుగున్నరకు లేచింది మొదలు చేసిన పనులు: వాకిలి కడిగి ముగ్గుతో నక్షత్రం వేయడం, పులిహోర, కోడికూర, సేమ్యా పాయసం, ఇద్దరికీ కొత్త బట్టల ఇస్త్రీ, తొమ్మిదిన్నరకు ఆరాధన, తిరిగొచ్చాక మా వీధిలో ఎనిమిది ఇళ్ళకు పళ్ళాలు పంపడం. అన్నీ అయ్యేసరికి పన్నెండున్నర దాటింది. ఇంక మిగిలింది జగ్గయ్యపేట వెళ్ళి రావడం ఒక్కటే.

మా నందిగామ నుంచి జగ్గయ్యపేటకు బస్సులో గంట పట్టదు. ఇంత చిన్న ప్రయాణం గురించి రాయడానికి ఏముందని మొదట నేనూ అనుకున్నాను. క్రిస్మస్ సెలవుల్లో ఈ వైపు రావాలనుకునేవాళ్ళకు దారి, ఖర్చు తెలుస్తాయి కదా అని మొదలుపెట్టాను. నేను వెళ్ళింది మాత్రం ఊరు చూడటానికి కాదు. ఫిబ్రవరిలో మా అమ్మ పోయింది. ఆవిడ లేకుండా వచ్చిన మొదటి క్రిస్మస్ ఇది. ప్రతి ఏడూ ఆవిడ జగ్గయ్యపేటలో ఒక ఇంటికి కేకు పంపేది. ఈసారి అది నా పని అయింది.

అమ్మ జగ్గయ్యపేటలో టీచరుగా పనిచేసింది. నా చిన్నప్పుడు మా ఇల్లు చర్చి వెనక వీధిలో ఉండేది. క్రిస్మస్ నాటి మధ్యాహ్నం ఆ వీధంతా పళ్ళాలే తిరిగేవి. అరిసెలు, కజ్జికాయలు, జంతికలు సర్ది, పైన దారంతో అల్లిన గుడ్డ కప్పి పిల్లల చేతికిచ్చి పంపేవాళ్ళు. ఇచ్చిన పళ్ళెం ఖాళీగా తిరిగి వచ్చేది కాదు. మా పళ్ళాలు స్టీలువి, మొత్తం ఆరు. వెనకవైపు అమ్మ పేరు, 'సువార్తమ్మ' అని చెక్కించి ఉంటుంది. నేను ఎరిగినప్పటినుంచీ ఇంట్లో ఐదే ఉన్నాయి. ఆరోది ఏదమ్మా అంటే, “పేటలో ఉండిపోయింది” అనేది. తెచ్చుకోవచ్చు కదా అంటే, “ఉండనీలే” అని వేరే పనిలో పడేది.

నా స్నేహితురాలు విజయ వాళ్ళింటికి మాత్రం మా పళ్ళెం వెళ్ళేది కాదు. వాళ్ళది ఊళ్ళో పెద్ద ఇల్లు, శాకాహారులు. ఆ రోజుల్లో మా ఇళ్ళలో వండినది వాళ్ళలాంటివాళ్ళు ముట్టేవాళ్ళు కాదు. అందుకని అమ్మ బస్టాండు దగ్గర బేకరీలో కేకు కొని, అట్టపెట్టె దారం కూడా విప్పకుండా నాతో పంపేది. “కొన్నదైతే ఎవరి చెయ్యీ తగలదు, వాళ్ళకీ ఇబ్బంది ఉండదు” అనేది. విజయ మాత్రం మా ఇంటికి వచ్చి గుమ్మం వెనక నిలబడి నాలుగేసి అరిసెలు తినేది. తిన్నాక అమ్మ దానికి మూతి కడిగి, పరికిణీ మీది నువ్వులు దులిపి పంపేది. క్రిస్మస్ అనగానే నాకు మొదట గుర్తొచ్చేది అదే, నోరు పుక్కిలిస్తూ నవ్వుతున్న విజయ.

ఉద్యోగం నుంచి దిగిపోయాక అమ్మ నందిగామలో నా దగ్గరే ఉంది. కేకు మాత్రం ఆగలేదు. కొన్నేళ్ళు నేనే తీసుకెళ్ళాను, తరవాత అటు వెళ్ళేవాళ్ళకు ఇచ్చి పంపాం. పోయినేడు మంచంలో ఉండి కూడా, “పేటకి కేకు వెళ్ళిందా?” అని రెండుసార్లు అడిగింది. ఈ నెల మొదట్లో విజయ ఫోన్ చేసింది. “ఈసారి ఎవరితోనో పంపమాక. నువ్వే రా. అమ్మ నిన్ను చూడాలంటంది” అంది.

పండగకు ముందు రెండు రోజులు ఆలోచించి మామూలుగా బేకరీలో కేకు కొన్నాను, మూడు వందల యాభై. కానీ అరిసెలు వత్తుతున్నంతసేపూ మనసు అటే లాగింది. కాలం మారింది కదా, ఇప్పుడు తింటారేమో అని. తినకపోతే? వద్దని నా మొహం మీద అనరు. తీసుకుని లోపల పెడతారు, ఆ తరవాత ఏమవుతుందో నాకు తెలియదు. ఎటూ తేలక చిన్న స్టీలు క్యారియర్‌లో అరిసెలు కూడా సర్ది, చేతిసంచి అడుగున పెట్టాను. మావారు చూశారు.

“రెండూ ఎందుకు? ఒకటి ఇచ్చి ఒకటి చూపించి వస్తావా?”

“మీరు పాయసం గిన్నె మీద మూత పెట్టండి చాలు” అన్నాను.

ఒకటిన్నరకు బస్టాండులో ఉన్నాను. విజయవాడ నుంచి వచ్చే బస్సులు పావుగంటకొకటి ఉంటాయిగానీ పండగపూట అన్నీ నిండి వస్తాయి. రెండు వదిలి మూడోది ఎక్కాను. ఆడవాళ్ళకు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ కొట్టి ఇస్తారు. పక్క సీటులో బొకేలు పట్టుకున్న ఒకావిడ మాటిమాటికీ నా సంచివైపు చూస్తోంది.

“ఏంటక్కా, నెయ్యి వాసన బస్సంతా కమ్మేస్తంది?”

“అరిసెలమ్మా.”

కండక్టరు వెనక్కి తిరిగాడు. “మీకు సున్నా టికెట్టేనండి. అరిసెలకి మాత్రం లగేజీ కొట్టాల. లేదా రెండు ఇక్కడ దింపెయ్యండి, సర్దుకుందాం.”

బస్సంతా నవ్వింది. నా దగ్గర క్యారియర్ ఒక్కటే, అందులోవి లెక్కపెట్టి సర్దినవి. అయినా పండగ కదా, మూత తీసి అతనికొకటి, ఆవిడకొకటి ఇచ్చాను. అతను ఏ ఊరివాడో, ఏ ఇంటివాడో. సగం కొరికి, “పాకం కుదిరిందండి” అంటూ ముందుకెళ్ళిపోయాడు. ఎంత తేలిగ్గా తిన్నాడో అనిపించింది.

హైవే మీద రెండువైపులా పత్తి తీతలు చివరికొచ్చాయి. మిరపచేలు పండుబారుతున్నాయి. చిల్లకల్లు దగ్గర హైవే వదిలి మలుపు తిరిగాక సిమెంటు లారీల వెనక బస్సు నెమ్మదించింది. రెండున్నర దాటాక దిగాను. ఆటో అతను సంచి చూసి, “వేదాద్రికా అండి? నరసింహస్వామి దర్శనం, కృష్ణ ఒడ్డు, రానూపోనూ మాట్లాడుకుందాం” అన్నాడు. మీరు చూడటానికే వస్తే ఆ బేరం బాగుంటుంది, కాకపోతే ఎక్కకముందే మాట తేల్చుకోండి. నాకు ఊళ్ళోకే కాబట్టి అరవైకి ఒప్పుకున్నాడు. చర్చి మీదుగా పొమ్మన్నాను. గోపురం మీది నక్షత్రం ఇప్పుడు ప్లాస్టిక్‌ది, చాలా పెద్దది. మా రోజుల్లో వెదురుబద్దలకు రంగుకాగితం అంటించేవాళ్ళు. మంచుకు తడిసి తెల్లారేసరికి ఒక కొన వేలాడేది.

విజయ గేటు దగ్గరే ఉంది. “ఏమే, ఇదా రావడం? అమ్మ పొద్దున్నించీ వీధి వంకే చూస్తంది.”

విజయ తల్లి రాజ్యలక్ష్మి గారిని నేను చిన్నప్పటినుంచీ పిన్నిగారనే పిలుస్తాను. ఎనభై దాటాయి. వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. హ్యాపీ క్రిస్మస్ చెప్పాను.

“టీచరమ్మ లేకుండా ఏం క్రిస్మసే” అన్నారు.

నేను సంచి తెరిచాను. చెయ్యి క్యారియర్ దాకా వెళ్ళింది. కానీ బయటికి తీసింది కేకు పెట్టెనే. పిన్నిగారు పెట్టెవైపు చూశారు, తరవాత కూతురివైపు చూశారు.

“మళ్ళా ఇదేనా?”

“చెప్పెయ్యమ్మా ఇంక. ఇంకెవరికి చెప్తావు?” అంది విజయ.

“ఇందులో గుడ్డు ఉంటది గదే అమ్మాయ్. మేం గుడ్డు తింటామటే?”

గుడ్డు తినే ఇంట్లో పెరిగినదాన్ని. కేకులో గుడ్డు వేస్తారని తెలుసు, వాళ్ళు శాకాహారులనీ తెలుసు. నలభై ఏళ్ళకు పైగా ఈ రెండు సంగతులూ నాకూ కలవలేదు, అమ్మకూ కలవలేదు. మాకు ఉన్న బెంగంతా ఎవరు వండారన్నదే.

“మరి ఇన్నేళ్ళూ?”

“పాలవాడి పిల్లలు తినేవాళ్ళు. ఇది దొంగచాటుగా తినేది.”

“దొంగచాటేంటమ్మా, నీ ఎదురుగానే తిన్నా! గుడ్డుంటదని కాలేజీకెళ్ళాకగానీ తెలవదు నాకు” అంది విజయ.

నవ్వొచ్చింది. ముగ్గురం నవ్వాం. ఆ తరవాత నేను అన్నాను, “ఒక్క మాట చెప్పొచ్చు కదండీ, మాకు పడదు టీచరమ్మా అని.”

“చెప్తే మీ అమ్మ ఇంకేం పంపాల? ఇంట్లో వండిందేగా. వండింది మొదట పంపిందిగా, తల్లీ.”

అది నేను ఎప్పుడూ వినని సంగతి. నేను ఒకటో తరగతిలో ఉన్న ఏడు అమ్మ తనే అరిసెల పళ్ళెం పట్టుకుని ఈ ఇంటికి వచ్చిందట. పిన్నిగారి అత్తగారు “సంతోషం టీచరమ్మా” అని అరుగు మీద పెట్టించుకుంది. సాయంత్రం వాటిని గేదెల తొట్టిలో పడేయించింది. అమ్మ పళ్ళెం కోసం పెరటివైపు నుంచి వచ్చింది.

“కుడితిలో తేలతన్నాయి అరిసెలు” అన్నారు పిన్నిగారు. “నేను వంటింటి కిటికీలో ఉన్నా. మీ అమ్మ అవి చూసింది, నన్నూ చూసింది. నేను తల దించుకున్నా. పళ్ళెం అడక్కుండా ఎళ్ళిపోయింది. మరుసటేడు కేకు వచ్చింది.”

విజయ గోడకు ఆనుకుని నిలబడింది. దానికి ముందే తెలుసని అర్థమైంది.

“మీ అత్తగారు పోయి ఇరవై ఏళ్ళు దాటింది కదండీ.” నేను అనుకున్నదానికంటే కటువుగా వచ్చింది మాట.

“దాటింది. ఏ మొహం పెట్టుకుని అడగమంటావే? అరిసెలు పంపు టీచరమ్మా అంటే, ఆ రోజు సంగతి నేనే ఎత్తినట్టు. ఎత్తకుండా ఉంటే ఆమె మర్చిపోయిందేమోనని ఒక ఆశ. ఇది మీ ఇంటికొచ్చి తిని వచ్చినప్పుడల్లా పరికిణీ వాసన చూసేదాన్ని. నెయ్యి, నువ్వులు. అంతవరకే.”

మర్చిపోయిందండీ అని ఉంటే ఆవిడకు కొంచెం తేలికయ్యేది. అబద్ధం చెప్పలేకపోయాను.

“మర్చిపోలేదండీ. పళ్ళాలు కడిగి పెట్టినప్పుడల్లా ఆరోది పేటలో ఉండిపోయింది అనేది.”

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. అప్పుడు సంచి అడుగు నుంచి క్యారియర్ తీశాను.

“దొంగమొహమా! దాచిపెట్టి కూర్చున్నావా?” విజయ గబగబా లోపలికెళ్ళి గిన్నెలో వేడిపాలు తెచ్చింది. పిన్నిగారికి పళ్ళు లేవు. అరిసె తుంచి పాలల్లో వేసి, నానాక వేళ్ళతో తీసుకుని తిన్నారు. రెండో ముక్క కూడా తిన్నారు.

“బాగుంది. మీ అమ్మ ఇట్టాగే చేసేదా?”

“అమ్మది ఇంకొంచెం ముదురుపాకమండీ. నువ్వులు ఎక్కువ వేసేది.”

“అట్టాగా” అన్నారు. ఇంకో ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు. “అయితే ఇది నీ చెయ్యి. ఆమె చెయ్యి నాకు తెలవలేదు.”

అమ్మ అరిసెల రుచి తెలిసిన విజయ, “పాలు చల్లారతన్నాయి” అంటూ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బయలుదేరేటప్పుడు పిన్నిగారు విజయతో బీరువా తీయించారు. నన్ను రమ్మన్నది ఇందుకేనట. పాత తువ్వాలులో చుట్టి ఉంది పళ్ళెం. వాడకపోవడం వల్ల మా ఐదింటికంటే కొత్తగా మెరుస్తోంది. విజయ వట్టి పళ్ళెమే నా చేతికివ్వబోతే, “ఖాళీగా ఇస్తారటే?” అని కసిరి, సున్నుండలు పెట్టించారు. కేకు పెట్టె అలవాటు ప్రకారం పాలవాడి ఇంటికి వెళ్ళింది. ఇప్పుడు తినేది అతని మనవలట.

ఐదున్నర బస్సుకు కిటికీ పక్కన సీటు దొరికింది. దారిపొడవునా ఇళ్ళ మీద నక్షత్రాలు వెలుగుతున్నాయి. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పిన్నిగారి మీద కోపం రావాలో జాలి పడాలో నాకు ఇంకా తెలియడం లేదు. ఆవిడ నా అరిసెలు తిన్నందుకు సంతోషించాను, అది నిజం. కానీ ఆ సంతోషం నాది కాదు, అమ్మకు రావలసింది. పోయిన క్రిస్మస్‌కే నేను వచ్చి ఉంటే, కనీసం ఈ కబురైనా ఇదే బస్సులో అమ్మకు చేరి ఉండేది. కేకు వెళ్ళిందా అని అడిగినప్పుడు, వెళ్ళింది పడుకో అన్నాను. ఎందుకు కేకే పంపుతావమ్మా అని ఒక్కసారి అడిగి ఉండవలసింది. ఇరువైపులా అంత మర్యాదగా ఉన్నాం, ఎవరమూ నోరు తెరవలేదు. ఇంటికి చేరాక మావారు సున్నుండ తింటూ, “ఇంతకీ ఏది ఇచ్చావు?” అన్నారు. రెండూ అన్నాను.

ఇటు రావాలనుకునేవాళ్ళకు ఒక సూచన. క్రిస్మస్ రోజు ఆరాధనలు విడిచాక బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు, మూడు దాటాక బయలుదేరితే సీటు దొరుకుతుంది. చేతిలో పిండివంటలుంటే పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి. ఎవరింటికి తీసుకెళ్తున్నారో వాళ్ళకు ముందే ఒక ఫోన్ చేసి, ఏం తింటారో అడగండి.

పడుకునేముందు రాసుకున్నది: అమ్మ పేరున్న స్టీలు పళ్ళాలు, ఆరు. జగ్గయ్యపేట నుంచి రావలసినది, ఒకటి. ముట్టింది.