స్విచ్ నొక్కే ముందు చెప్పాల్సిన మాట

ఆ ఆదివారం పొద్దున నాన్న పాల ప్యాకెట్లకని కిందికి వెళ్లి, ఖాళీ చేతులతో పైకి వచ్చారు. "కింది అంకుల్ పోయారు. తెల్లవారుజామున గుండెపోటట" అన్నారు అమ్మతో. అమ్మ స్టవ్ ఆపేసి, "అయ్యో, నిన్న సాయంత్రం కూడా మొక్కలకు నీళ్లు పోశారే" అంటూ చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది. నేను బయాలజీ పుస్తకం ముందు కూర్చుని ఉన్నాను. నా వైపు ఎవరూ చూడలేదు. వాళ్లకు తెలిసినంతలో ఆయన మా ఇంటి ఓనరు, మెట్ల దగ్గర కనిపిస్తే నేను నమస్తే చెప్పే పెద్దాయన. అంతే.

ఆయన నాకు ఏమవుతారో మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు కాబట్టి, మీకు చెబుతున్నాను.

మా ఇల్లు అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్లే రోడ్డు వెనక సందులో ఉంది. చుట్టూ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్ల బోర్డులు. పై పోర్షన్‌లో మేము, కింద అంకుల్, ఆంటీ. నేను భయస్తురాలిని. క్లాసులో అటెండెన్స్ పిలిచినప్పుడు నా గొంతు నాకే వినిపించదు. మా ఇంట్లో అన్నింటికన్నా పెద్ద భయం మాత్రం అమ్మది. వాళ్ల అన్నయ్య కుడిచేతి వేళ్లు రైస్ మిల్లు బెల్టులో పడి పోయాయి. అమ్మ అప్పుడు నా వయసులో ఉంది, పక్కనే ఉంది. అందుకే ఇప్పటికీ మిక్సీ అమ్మే వేస్తుంది. అది తిరుగుతున్నంతసేపు నేను వంటగది గడప ఇవతలే ఉండాలి.

అంకుల్ చిన్నప్పుడు కరీంనగర్‌లో ఇనుప కడ్డీలు తిప్పి చెక్కే ఒక లేత్ షాపులో పని నేర్చుకున్నారట. తర్వాత మాసబ్ ట్యాంక్‌లో గవర్నమెంట్ ఉద్యోగం వచ్చింది. రిటైర్ అయ్యేదాకా ఫైళ్లే. రిటైర్ అయ్యాక ఇంటి వెనక రేకుల షెడ్డు ఖాళీ చేయించి, ఒక చిన్న లేత్ మిషన్ కొంటానన్నారు. "అందరు రిటైరైతే కాశికి పోతరు, ఈయన ఇనుము దగ్గరికి పోతుండు" అని ఆంటీ సందంతా చెప్పుకుంది.

ఒకరోజు నేను గిన్నె తిరిగి ఇవ్వడానికి కిందికి వెళ్తే, ఆయన ఫోన్‌ను దూరంగా పట్టుకుని కళ్లు చికిలిస్తున్నారు.

"నువ్వు ఇంగ్లీష్ మీడియం గద బిడ్డా. గిది జర చదివి పెట్టు."

అది ఏదో లేత్ మిషన్ వివరాలు. గడగడా చదివేశాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాలేదని ఆయనకు తెలిసిపోయింది. అరుగు మీద కూర్చోబెట్టి, ఒక చేత్తో క్యారెట్ తిప్పుతూ, ఇంకో చేత్తో చాకు ఆనించి చూపించారు. "మిషన్ల వస్తువు తిరుగుతది, కత్తి నిలబడ్తది. గింతే కథ. మిగిలిందంత ఓపిక." ఆ పూట ఆంటీ కూరకు క్యారెట్లు మిగల్లేదు.

మిషన్ కొనడానికి రాణిగంజ్ బజారుకు వెళ్లేటప్పుడు ఆంటీ మా అమ్మను అడిగింది, "పిల్లను జర తోల్కపోతం, తోడుంటది" అని. అమ్మ స్టీలు సామాన్ల కోసం అనుకుంది. నేను చెప్పులు వేసుకున్నాను.

షాపులో రెండు మిషన్లు పక్కపక్కన పెట్టారు. చూడటానికి కవల పిల్లల్లా ఉన్నాయి. అంకుల్ వాటి స్విచ్ వేయమనలేదు. నన్ను పిలిచి, ముందు ఉండే గుండ్రటి చక్‌ను, అంటే కడ్డీని బిగించే భాగాన్ని, పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగమన్నారు. "కండ్లు మూస్కొని చూడు. ఏమన్న కదుల్తుందా?"

మొదటిది కదల్లేదు. రెండోదాన్ని లాగితే లోపల ఎక్కడో చిన్నగా టక్కుమంది. పాలపన్ను ఊడే ముందు నాలుకకు తగిలినట్టు. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడ్డాను.

"చెప్పు బిడ్డా."

"ఇది... కొంచెం ఊగుతోంది అంకుల్."

షాపాయన నవ్వాడు. "ఏం సార్, ఇన్‌స్పెక్టర్‌ను ఎంట తెచ్చుకున్నరా?"

"అవును భాయ్. నా చేతులు మొద్దుబారినయి, ఆమెయి కొత్తయి. ఆమె వద్దన్నంక నాకు గూడ వద్దు."

తర్వాత ఆయన కూడా పట్టి చూశారు. కానీ చూడకముందే ఆ మాట అన్నారు. నేను చెప్పింది విని ఒక పెద్ద మనిషి నిర్ణయం తీసుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి. ఆటోలో వస్తుంటే బేగంపేట ఫ్లైఓవర్ మీద గాలికి ఆంటీ ఏదో అంటోంది, నాకు వినిపించలేదు.

మిషన్ ఇంటికి వచ్చిన రోజు కిరోసిన్‌తో గ్రీజంతా తుడిచి అద్దంలా చేశాం. అప్పుడు ఆంటీ వచ్చి కొత్త కారుకు చేసినట్టే పూజ చేసింది. పసుపు నీళ్లు చల్లి, బొట్లు పెట్టి, మిషన్ మీదే కొబ్బరికాయ తిప్పి, అక్కడే కొట్టింది. నీళ్లు చింది ఇనుప పట్టాల మీదంతా పడ్డాయి. పూజ నీళ్లు తుడవకూడదని వదిలేసింది. మర్నాటికి ఆ పట్టాల మీద మశూచి పోసినట్టు ఎర్రటి తుప్పు చుక్కలు. ఆంటీ చెంపలు వేసుకుంది. అంకుల్ కాసేపు చూసి, "ఏం కాలే. దేవుడు మంచిగనే తాగిండు, మూతి తుడుసుకోలే" అని, నా చేతికి నూనె, సన్న గరుకు కాగితం ఇచ్చారు. ఆ తుప్పు తుడవడమే నేను ఆ మిషన్ మీద చేసిన మొదటి పని. ఆ పనిలోనే దాని ఒళ్లంతా తెలిసింది. ఆ తర్వాత దసరాకు ఆంటీ కొబ్బరికాయ బయట గడప మీద కొట్టింది, మిషన్ మీద దుప్పటి కప్పి మరీ.

సాయంత్రాలు ఆంటీ దగ్గర చదువుకుంటానని అమ్మకు చెప్పి కిందికి వెళ్లేదాన్ని. ఆయన షెడ్డులో కొన్ని పద్ధతులు ఉండేవి. చున్నీ గుమ్మం బయట మేకుకు తగిలించాలి. జుట్టు ముడి వేసుకోవాలి. చక్ బిగించే తాళంచెవి గోడకున్న కొక్కెం మీద కనిపిస్తే తప్ప ఆయన స్విచ్ మీద చెయ్యి వేసేవారు కాదు. తాళంచెవి చక్‌లోనే మరిచిపోయి మిషన్ వేస్తే అది రాయిలా ఎగిరొచ్చి తగులుతుందట. నేను వణుకుతుంటే, "భయపడు, మంచిదే. భయం కండ్లల్ల ఉండాలె బిడ్డా, చేతులల్ల ఉండొద్దు" అనేవారు. నా భయాన్ని పొమ్మనని మనిషి ఆయనొక్కరే. దానికి కూర్చోవడానికి చోటు చూపించారు.

ఇంకో పద్ధతి నా ఒక్కదానికే. కడ్డీ బిగించనిచ్చేవారు, కత్తి ఎత్తు సరిచేయనిచ్చేవారు, మిషన్ తిరుగుతుంటే హ్యాండిల్ తిప్పనిచ్చేవారు. స్విచ్ మాత్రం ఆయనే వేసేవారు.

"నేనెప్పుడు వేస్తాను అంకుల్?"

"మీ అమ్మకు చెప్పినంక."

"అమ్మ ఒప్పుకోదు."

"ఒప్పుకోమని నేనన్ననా? చెప్పుమన్న. ఆమె అన్న వేళ్లు పోంగ చూసిందని నువ్వే చెప్పినవ్. ఆమెకు చాటుగ నీ వేళ్లతోని నేను ఆట ఆడ."

"మీరు చెప్పండి, ప్లీజ్."

"నేను చెప్తే అది నా ముచ్చట అయితది. నీ ముచ్చట నువ్వే చెప్పుకోవాలె. ఫికర్ లేదు, తొందర గూడ లేదు."

మా అమ్మ మూకుడు మూత పిడి విరిగితే మేమిద్దరం టేకు చెక్కతో కొత్తది చేశాం. అది బిగించుకుని అమ్మ, "ఎంత నున్నగా చేశారండీ, చెయ్యి అస్సలు కాలట్లేదు" అని ఆయనతో అంటుంటే, ఆయన నా వైపు చూడకుండా గోడవైపు తిరిగి దగ్గారు. చెప్పడానికి నాకు ఇచ్చిన అవకాశం అది. నేను మెట్లెక్కి పైకి వచ్చేశాను. ఆయన ఆ విషయం మళ్లీ ఎత్తలేదు.

దినాలు అయ్యాక ఆంటీ నన్ను పిలిచింది. "అల్లుడు మిషన్ తీస్కపోతనంటుండు. ట్రాలీకి గూడ చెప్పిండట. నేను జర ఆగుమన్న. నీకు కావాలంటే ఈడనే ఉంటది. కని మీ అంకుల్ మాట మాటే, ముందుగాల మీ అమ్మకు చెప్పాలె."

పైకి వచ్చేసరికి అమ్మ అన్నం వారుస్తోంది. గడప ఇవతలే నిలబడ్డాను.

"అమ్మా, కింది లేత్ మిషన్ వెళ్లిపోకూడదు."

"ఏంటీ?"

"నేను దాని మీద పని నేర్చుకున్నాను. అంకుల్ నేర్పించారు. చాలా రోజులుగా."

అమ్మ గిన్నె దించింది. తిడుతుందనుకున్నాను. నా దగ్గరకు వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, తిప్పి, ఒక్కొక్క వేలినీ కొస దాకా తడిమి చూసింది. చిన్నపిల్లను స్నానం చేయించాక చూసినట్టు. ఆమె చేతులు వేడిగా ఉన్నాయి.

"దాన్ని నువ్వే వేసేదానివా?"

"లేదమ్మా. నీకు చెప్పేదాకా స్విచ్ ముట్టుకోనివ్వనన్నారు."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా."

అమ్మ స్టూలు మీద కూర్చుండిపోయింది. ఏడుస్తోందేమో తెలియలేదు, అన్నం ఆవిరి ముఖం మీదికి వస్తోంది. "నాతో ఒక్క మాట కూడా అనకుండా నన్ను అంత తలుచుకున్నారా ఆయన" అంది. తర్వాత, "నేను పక్కన ఉంటేనే" అంది.

ఆ సాయంత్రం ముగ్గురం షెడ్డులోకి వెళ్లాం. అల్యూమినియం కడ్డీ బిగించాను. అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. ఆంటీ తలుపు దగ్గర నిలబడింది, అమ్మ ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుని కళ్లు మూసేసుకుంది. "పిన్నిగారూ, అయ్యాక చెప్పండి" అంది. "ఏమైతది? ఇంక షురూనే కాలే!" అంది ఆంటీ.

స్విచ్ వేశాను. మిషన్ గుర్రుమని, కాసేపటికి ఒకే స్వరంలో పడింది. కత్తిని నెమ్మదిగా ఆనిస్తే తెల్లటి లోహం సన్నటి చుట్టలుగా లేచి కింద పడుతోంది. ఎంతసేపటికీ ఏ కేకా వినిపించకపోయేసరికి, ఆంటీ భుజం చాటు నుంచి అమ్మ ఒక కన్ను తెరిచింది.