నత్తక్క తెర

మా రికార్డుల ఆఫీసులో పాత కాగితాలు కంప్యూటర్లో సరిచూసే అక్కను అందరూ నత్తక్క అంటారు. నోటిదూల కొద్దీ ఆ పేరు పెట్టింది నేనే. కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి కదా, నా మాట చెల్లేది. "మెషిన్‌కేం లేదు సార్, మనిషే నెమ్మది" అని పెద్దసారుకు కూడా చెప్పాను. మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచినా, అక్క మాత్రం కుర్చీలోనే ఉండి పని పూర్తిచేసుకునేది.

మూడేళ్ళ తర్వాత, ఆవిడ సెలవు పెట్టిన రోజు ఓ ఫైలు వెతకడానికి ఆ కుర్చీలో కూర్చున్నాను. పేజీ కిందికి జరపబోతే తెర మీద అక్షరాలు వరుస తర్వాత వరుసగా పాకాయి. లోపల చూస్తే తెరను నడిపించే డ్రైవర్ ప్రోగ్రామే లేదు. మెషిన్‌లో ఉన్నదంతా చెరిపి కొత్తగా సిద్ధం చేసిన రోజు, "రేపు వేద్దాంలే" అనుకుని ఇంటికి పోయింది నేనే. నత్తను చేసిందీ నేనే, నత్త అన్నదీ నేనే.

వేయడానికి పది నిమిషాలు పట్టింది.

మర్నాడు అక్క మీట నొక్కి, అలవాటుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూసింది. పేజీ అప్పటికే వచ్చేసింది.

"ఏం చేశావు తమ్ముడూ? ఇన్నాళ్ళూ నాకే చేతకావట్లేదనుకున్నా."

నాకు తల కొట్టేసినట్టయింది. "పాత మెషిన్ కదక్కా, కాస్త సర్దాను" అన్నాను.

ఆ మధ్యాహ్నం ఆవిడ మొదటిసారి మాతో భోజనానికి కూర్చుంది. తన డబ్బా తెరిచి, సగం నాకే వడ్డించింది.