సుగుణక్క రాసిన 'తర్వాత'

వేసవిలో మొదటిసారి ఏసీ వేసినప్పుడు వచ్చే కాలిన దుమ్ము వాసనకు నల్లగొండలోని మా చిన్న ఆఫీసు, అందులో కిటికీ పక్కన కూర్చునే సుగుణక్క గుర్తొస్తారు. ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ రాసే ఆ కంపెనీలో నేను చేరినప్పుడు ఆమే మా టీమ్ లీడర్. ప్రోగ్రాంలో తొందరపడి ఎక్కడైనా అతుకు వేస్తే, దాని పైనే "ఇది తాత్కాలికం. తర్వాత సరిచేయాలి - సుగుణ" అని రాసిపెట్టేది. కంప్యూటర్ ఆ మాటలను పట్టించుకోదు. అవి తర్వాత చదివే మనుషుల కోసం. అలాంటివి ప్రోగ్రాం నిండా ఉండేవి. కొత్త ఉత్సాహంలో నేను వాటిని వరుసగా సరిచేయబోతే అక్క ఆపింది.

"అన్నిటి జోలికి పోకు చెల్లె. కొన్ని చూడనీకి మంచిగుండయ్, గంతే. మనిషికి తిప్పలు తెచ్చేటియి ముందుగాల చూడాలె."

ఏది ఏ రకమో ఎలా తెలుస్తుందని అడిగాను. "నాక్కూడ అన్ని తెల్వయ్" అంది. నాకంతా అయోమయంగా ఉండేది.

ఒక ఉదయం మా సాఫ్ట్‌వేర్ వాడే డయాలసిస్ కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. కట్టంగూర్ నుంచి వచ్చిన లక్ష్మమ్మ పేరు ఆనాటి రోగుల వరుసలో లేదు. అదే పేరున్న ఇంకొకామెను చేర్చగానే ఈమె పేరు చెరిగిపోయింది. అక్క నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లింది. లక్ష్మమ్మ ఉబ్బిన కాళ్లతో గోడకు ఆనుకుని ఆయాసపడుతోంది. "పొద్దుగాల్నే వచ్చినం మేడం. కంప్యూటర్ల పేరు లేదంటే మేమేం జేయాలె?" అన్నాడు ఆమె కొడుకు. లక్ష్మమ్మకు మంచం దొరికేదాకా అక్క అక్కడి నుంచి కదల్లేదు.

తిరిగొచ్చి ప్రోగ్రాంలో పేర్లు చేర్చే భాగం తెరిచాం. పైన అక్క రాతే ఉంది: "ఇద్దరికి ఒకే పేరుంటే ఒకరే మిగులుతారు. తర్వాత సరిచేయాలి - సుగుణ."

"ఎరుకుండి ఎందుకు ఇడిసిపెట్టినవక్కా?"

ఆమె తెర మీది ఆ రాతపై వేలు పెట్టింది. "రాసిపెట్టిన గద, మరిచిపోననుకున్న. రాసినంక మనసు నిమ్మలమైంది. గా నిమ్మలమే ముంచింది కావచ్చు."

ఆ పూటే దాన్ని సరిచేసింది. మరుసటి వారం ఆ కేంద్రంలోని నర్సు పక్కన కూర్చుని తన రాతలన్నీ చదివి వినిపించింది. "గిది తప్పితే నీకేమైతది?" అని ఒక్కొక్కదాని గురించీ అడిగింది. మేము పెద్దవనుకున్న వాటికి నర్సు నవ్వింది. మేము లెక్కచేయని ఒకదానికి ఆమె ముఖం మారింది. మా పని వరుస ఆమె చెప్పినట్టే మారింది. ఆమెకూ తెలియనివి కొన్ని అలాగే ఉండిపోయాయి.

అక్క నిజాయితీని మెచ్చుకోవాలో, తెలిసీ వదిలేసినందుకు కోపగించుకోవాలో నాకిప్పటికీ తేలదు. నేను 'తర్వాత' అని రాసినప్పుడు, దానివల్ల ఎవరు ఇబ్బంది పడతారో కూడా కింద రాస్తాను. ఆ మనిషెవరో తోచకపోతే రాయడం ఆపి, దాన్ని వాడేవాళ్లకు ఫోన్ చేస్తాను.