జెర్రిపోతుకు నేను చేసిన పెళ్లి

రెండు పాములను ఒకే తొట్టిలో ఉంచవచ్చా అని నన్నెవరైనా అడిగితే ముందు నా తల తడిమి చూసుకుంటాను, లోపల ఏమైనా ఉందా అని. ఉంచిన తెలివిమంతుణ్ని నేనే.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో బేతంచెర్లలో మాకు నాపరాళ్లు పాలిష్ పట్టే చిన్న ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ బండల కింద తోక నలిగిన చిన్న జెర్రిపోతు దొరికింది. విషం లేనిది కదా అని, వాడకం లేని సిమెంటు తొట్టిలో వేసి, పైన జాలీ కప్పాను. తోకకు పసుపు రాశాను, కప్పలు పట్టించి పెట్టాను. పుండు మానింది. నేను దగ్గరికి వెళితే తల ఎత్తేది. వానలు పడగానే వదిలేద్దామనుకున్నాను. మా సీమలో వాన కోసం ఆగడమంటే తెలిసిందే.

ఇంతలో క్వారీ నుంచి వచ్చిన లారీలో నాగుపాము కనబడింది. చంపవద్దని కూలీలను బతిమాలి కుండలోకి తోలించాను. ఎక్కడ పెట్టాలో తోచలేదు. బజారులో కిరాణా అంగడి నడిపే మా బావ, అంటే అక్క మొగుడు, అప్పుడే వచ్చాడు. పేరులోనే పోతు ఉంది కనుక జెర్రిపోతు మగదనీ, నాగుపాము దాని పెళ్లామనీ మా వైపు అందరికీ తెలుసు. తెలియనిది పాములకే.

"మొగుడు ఈడనే ఉండాడు గదప్పా. పెండ్లాన్ని యాడికో తోలితే పాపం తగుల్తాది," అన్నాడు బావ.

సబబుగానే తోచింది. విషయం అన్న మాటలోనే విషం ఉందని అప్పుడు తట్టలేదు. కుండ వంచాను.

కాసేపటికి రెండూ పెనవేసుకున్నాయి. అలాంటప్పుడు కొత్త గుడ్డ కప్పి, దాన్ని దాచుకుంటే ఇంట్లో సిరి నిలుస్తుందంటారు. బావ అంగడికి పరిగెత్తి కొత్త తువ్వాలు తెచ్చి వాటి మీద వేశాడు. సిగ్గుపడతాయని మమ్మల్నందరినీ దూరం జరిపాడు. తువ్వాలు కాసేపు కదిలి ఆగింది. కర్రతో తొలగిస్తే, జెర్రిపోతు సగమే బయట ఉంది. మిగతా సగం నాగుపాము నోట్లో.

నా చేతిలో కర్ర ఉంది, చుట్టూ మనుషులున్నారు, చేయగలిగింది మాత్రం లేదు. కాటు ఎప్పుడో పడిపోయింది. నాగుపాముకు తొందరేమీ లేదు. నేను పసుపు రాసిన తోక దాకా వచ్చాక కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి తొట్టిలో ఒకటే పాము, కాస్త లావుగా.

"శానా అన్యోన్యం సామీ. ఇద్దరూ ఒగటైపాయిరి," అన్నాడు మేస్త్రీ.

పాము మీద కోపం తెచ్చుకుందామంటే అది ఆకలితో చేసిన పని. బావ మీద తెచ్చుకుందామంటే ఆయన ఇంటి అల్లుడు. దాని తిండి అరిగేదాకా ఆగాను. తర్వాత దాన్ని కుండలోకి తోలి, మూతికి గుడ్డ కట్టి, పెళ్లి పెద్దవు కాబట్టి నల్లమల అడవిదాకా సాగనంపాల్సింది కూడా నువ్వేనని బావతో అన్నాను. కూలీల ముందు కాదనలేక బావ నా మోటారుసైకిలు వెనకాల ఎక్కాడు. కుండ ఆయన ఒళ్లో పెట్టాను.

నంద్యాల దాటాక బావ గొంతు సన్నబడింది. "గుడ్డ గట్టిగా కట్టినావా అప్పా?"

"కట్టినట్లే ఉండాది బావా," అని బండిని గుంతల దారిలోకి తిప్పాను.

మూడు ముళ్లూ వేసే ఉన్నాను. ఆ సంగతి నల్లమల వచ్చేదాకా చెప్పలేదు.