పేరు మాత్రమే రాసిన పేజీ

రాలీ నుంచి వాషింగ్టన్ వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్నతనిది దక్షిణ సూడాన్. నలభై ఏళ్ళుంటాయి. ఒళ్ళో లావుపాటి నోట్‌బుక్.

“మొన్నమొన్న పుట్టిన మా దేశం కంటే నేను తొడుక్కున్న ఈ కోటే పాతదమ్మా,” అని నవ్వాడు. వాళ్ళ జనం పాడుకునే పాటలు మొదటిసారి పుస్తకంగా వస్తున్నాయట. తన వంతు పాటలు రాసి ఆ సాయంత్రానికల్లా పంపాలట.

ఒక పేజీలో మాత్రం పేరు తప్ప ఏమీ లేదు. అది వాళ్ళ పెద్దమ్మ పేరట, ఆవిడ కట్టిన పాట అక్కడ రావాలట.

“ఆ పాట మర్చిపోయావా?” అన్నాను, నా వచ్చీరాని ఇంగ్లీషులో.

“చిన్నప్పట్నుంచీ వచ్చు. కానీ మాలో పాట కట్టినవాళ్ళదే. వాళ్ళు సరే అనకుండా రాయకూడదు.”

పెద్దమ్మ వాళ్ళ దేశంలోనే ఆసుపత్రిలో ఉంది. మాట పడిపోయింది. అతను ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టి, తన భాషలో మెల్లగా అడిగాడు. ఊపిరి వినిపించింది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ ఊపిరే.

“రాసెయ్యి నాయనా, ఆవిడ కాదంటుందా?”

“అవునని కూడా అనలేదు కదమ్మా.”

ఇవ్వడానికి నా దగ్గర ప్రసాదం పొట్లం తప్ప ఏమీ లేదు. రెండు చేతులా అందుకున్నాడు. తర్వాత ఆ పేజీ అలాగే వదిలి నోట్‌బుక్ మూసేశాడు.

నేను బడికి వెళ్ళలేదు. నాకొచ్చిన పద్యాలన్నీ మా నాయనమ్మ వంటింట్లో చెప్పినవే. ఎవరినీ అడగకుండానే దక్కాయి. ఇప్పుడు దీపం ముందు పద్యం ఎత్తుకోబోతూ, ఒక ఊపిరి సేపు ఆగుతాను.